ఆ కిక్ రక్తంలోంచి రాలేదు



మహిళల రగ్బీలో ఆసియా దేశాల జట్లకు ఒక ఛాంపియన్‌షిప్ ఉంది. జట్టుకు 15 మంది, 80 నిమిషాల ఆట. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో అందించాలి. అంటే ముందు ఉరికేవాళ్లకు వెనకాల తోడు ఉండాలి.

మన దేశం ఆడపిల్లలు ఈ పోటీలో మొదటిసారి ఆడింది 2018లో. ఓడిపోయారు. 2019 జూన్‌లో మనీలాలో సింగపూర్ మీద 21-19తో గెలిచారు. 15 మంది ఆడే రగ్బీలో భారత మహిళలకు అదే మొదటి అంతర్జాతీయ గెలుపు. చివర్లో పెనాల్టీ కిక్ కొట్టి గెలిపించింది సుమిత్రా నాయక్. ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా పిల్ల. భువనేశ్వర్‌లో ఆదివాసీ పిల్లల కోసం నడిచే హాస్టల్ బడిలో చదివింది, ఆట అక్కడే నేర్చుకుంది.

ఇలాంటి గెలుపు వచ్చినప్పుడల్లా ఒక మాట వినబడుతది: "అడవి బిడ్డలు కదా, బలం పుట్టుకతోనే ఉంటది." మెచ్చుకున్నట్టే ఉంటది, కానీ జాగ్రత్త. పుట్టుకతోనే వస్తే కోచ్ ఎందుకు, గ్రౌండ్ ఎందుకు, గుడ్డు ఎందుకు అని రేపు వాళ్లే అంటారు. పెనాల్టీ కిక్‌కు 3 పాయింట్లు. గెలిచింది 2 పాయింట్ల తేడాతో. ఆ గురి రక్తంలోంచి రాలేదు. బంతి పెట్టి మళ్లీ మళ్లీ తన్నితే వచ్చింది.

అందుకే మీ ఆశ్రమ పాఠశాలలో అడగండి: గ్రౌండ్ ఏది? బంతి ఏది? ఆడపిల్లలకు ఆట నేర్పే పీఈటీ ఎక్కడ? పొగడ్తతో సరిపెట్టుకోవద్దు. ఇవి మన హక్కు.