పదిహేడో కొస



మన ఇళ్లలో వెదురు లేకుండా ఏ పని జరిగేది చెప్పండి? ధాన్యానికి గంప, చెరగడానికి చేట, సీతంపేట సంతకు అనాస పళ్లు మోయడానికి కావడి తట్టలు. సవర, జాతాపు, గదబ ఊళ్లలో ఈ పని పెద్దల పక్కన కూర్చుంటే వచ్చేది, ఎవరూ పాఠం చెప్పలేదు. ఇప్పుడు పిల్లలు చిన్న తరగతుల్లోనే మా హాస్టళ్లకు వచ్చేస్తున్నారు. చదువు కావాలి, అందులో రెండో మాట లేదు. కాని మామ్మ బద్ద చీల్చే వేళకు మనవరాలు మా దగ్గర లెక్కలు చేసుకుంటూ ఉంటోంది.

హాస్టల్‌కు వెదురు రాదు. వచ్చేవి అట్టపెట్టెలు, వాటికి చుట్టిన ప్లాస్టిక్ పట్టీలు. కాలిస్తే ఆ పొగ పిల్లలకే. అందుకని సెలవు రోజుల్లో ఆ పట్టీలతో, చిరిగిన చీరలతో బుట్టలు అల్లిస్తున్నాం.

రెండేసి మూరల పట్టీలు 8 కోసుకోండి. 4 నిలువు, 4 అడ్డం పెట్టి, ఒకటి పైకి ఒకటి కిందికి దూర్చితే అడుగు వస్తుంది. చుట్టూ 16 కొసలు. అందరూ తడబడేది ఇక్కడే. చీర పేలికను ఒక కొస మీదుగా, ఒక కొస కిందుగా తిప్పుతాం కదా, 16 సరి సంఖ్య గనుక రెండో చుట్టు కూడా మొదటి చుట్టు పోయిన దారినే పోతుంది, అల్లిక పట్టుకోదు. ఒక కొసను నిలువునా చీల్చండి. 17 అవుతాయి. ఇక ప్రతి చుట్టూ ముందు చుట్టుకు ఎదురు పడుతుంది. సరి, బేసి నల్లబల్ల మీద కంటే ఇక్కడే మా పిల్లలకు బాగా తలకెక్కాయి. మనవరాలిని చూడడానికి వచ్చిన ఒక మామ్మ, బడి మెట్టెక్కని మనిషి, కొసలు వేళ్లతో లెక్కపెట్టుకుని మేం నోరు తెరవక ముందే కత్తి అడిగింది!

చాలినంత వెడల్పు వచ్చాక కొసలు పైకి మడిచి జానెడు ఎత్తు అల్లండి. మిగిలిన కొసలను లోపలికి మడిచి మూడు నాలుగు వరసల్లో దోపెయ్యండి. అంచుకు ఒక వెదురు బద్ద కడితే వంగదు.

ఎరువుల సంచులు మాత్రం వాడొద్దు, ఎంత కడిగినా అందులో తిండి సరుకు పెట్టలేం. సిమెంటు సంచి పోగులు ఎండకు పొడిపొడి అవుతాయి. చెరగడానికైతే ఇదేదీ పనికిరాదు, అది చేట పనే.

ప్లాస్టిక్‌ను వెదురు స్థానంలో కూర్చోబెట్టాలని కాదు మా ఉద్దేశం. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. అడవి బయట పెంచిన వెదురును చెట్టుగా లెక్కించకుండా 1927 నాటి అటవీ చట్టాన్ని 2017లో సవరించారు. పెరట్లో నాలుగు దుబ్బులు వేసుకోవచ్చు. బద్ద చీల్చే చెయ్యి ఊళ్లో లేకపోతే ఆ దుబ్బులు ఏం చేసుకుంటాం?

దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు మామ్మ అడుగు ఎలా వేస్తుందో ఫోనులో తీసుకోండి. పక్కన కూర్చుని ఒక్క బుట్టయినా అల్లండి. ఆ అల్లికను మన భాషలో ఏమంటారో అడిగి రాసుకోండి. తర్వాత ఒకసారి మా హాస్టల్‌కు రండి, పిల్లలకు చూపిద్దురుగాని. పట్టీలు దాచి ఉంచుతాం.