చలికాలం వేడినీళ్ళ ఖర్చు – మా సంఘం వేసుకున్న లెక్క
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

అప్పులు, వసూళ్ళ సంగతి ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు. మేము చలికాలంలో ఇంటి కరెంటు, గ్యాసు గురించి చెబుతాం.

హనుమాన్ జంక్షన్‌లో చలేంటమ్మా అని నవ్వకండి. నిజమే, మనకు జనవరి రాత్రుల్లో కూడా మామూలుగా 18, 20 డిగ్రీలు ఉంటుంది. చలిదేశాల వాళ్ళలాగా ఇల్లంతా వేడి చేసుకోనక్కర్లేదు. మన చలి ఖర్చు దాదాపుగా స్నానాల నీళ్ళలోనే ఉంది. ధనుర్మాసం పట్టిందంటే తెల్లారగట్ల నుంచే మొదలు. పెద్దవాళ్ళకు, బడికెళ్ళే పిల్లలకు, పనికెళ్ళేవాళ్ళకు కలిపి ఇంటికి నాలుగు బకెట్లు.

ఈ నాలుగు బకెట్లకు మేము లెక్క వేశాం. 1500 వాట్ల రాడ్డు 20 నిమిషాలు పెడితే అర యూనిట్ కాలుతుంది. 20 లీటర్ల బకెట్టు కాగడానికి సుమారుగా అంతే పడుతుంది. నాలుగు బకెట్లకు రోజుకు 2 యూనిట్లు, నెలకు 60. ఇంట్లో మామూలుగా 70 యూనిట్లు కాలితే ఇప్పుడు 130 అవుతాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, అది దాటితే 6 రూపాయలు. అంటే 70 యూనిట్లకు 177 రూపాయలు అయితే, 130కి 447. సర్దుబాటు ఛార్జీలు, మిగతావి వేరే. రాడ్డు ఒక్కటే నెలకు 270 రూపాయలు తింటోంది. మా సంఘంలో నెల పొదుపు 200. అది కట్టడానికి ఇబ్బంది అంటాం, ఇది మాత్రం అడక్కుండానే కట్టేస్తున్నాం.

చలికాలం ఫ్యాను ఆపేస్తే బిల్లు తగ్గాలి కదా అంటారు. మన దగ్గర దోమలకు భయపడి నిండా దుప్పటి కప్పుకుని మరీ ఫ్యాను వేసుకుంటాం. 75 వాట్ల ఫ్యాను రాత్రి 8 గంటలు తిరిగితే నెలకు 18 యూనిట్లు. దోమతెర కట్టుకుంటే ఆ 18 యూనిట్లూ మిగులుతాయి, దుప్పటీ ఒకటి తగ్గుతుంది.

గ్యాసు మీద కాచుకుంటే పోలేదా అని కొందరు అన్నారు. బకెట్టుకు 60 గ్రాముల పైన గ్యాసు పోతుంది. రోజూ నాలుగు బకెట్లంటే రెండు నెలలకు ఒక సిలిండరు నీళ్ళకే సరి. 2024 దీపావళికి మొదలైన దీపం-2లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి. అందులో ఒకటి స్నానాలకే పోనిస్తే వంటకు మళ్ళీ కొనుక్కోవాలి.

మరి ఏం చేయాలి? మాకు బాగా పనికొచ్చింది బోరు నీళ్ళు. భూమి లోపలి నీరు చలికాలంలో కూడా 27, 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అందుకే తెల్లారగట్ల బోరింగు కొడితే నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి, మన అమ్మమ్మలకు తెలిసిన సంగతే. మనమేమో సాయంత్రం మోటారు వేసి, ట్యాంకు నింపి, రాత్రంతా మంచులో చల్లార్చి, పొద్దున్నే డబ్బులు పెట్టి మళ్ళీ కాస్తున్నాం! మోటారు తెల్లవారుజామున వేసుకుని వచ్చిన నీళ్ళు వచ్చినట్టే బకెట్లో పట్టుకుంటే 20 నిమిషాల రాడ్డు 12 నిమిషాలకు వస్తుంది. బకెట్టు మీద మూత ఉండాలి, కానీ రాడ్డు తీశాకే. చంటిపిల్లలకైతే నల్ల డ్రమ్ములో నీళ్ళు ఎండలో పెట్టి మధ్యాహ్నం పోస్తే చాలు. కొబ్బరి డొక్కలు, మట్టలు ఉన్న ఇళ్ళల్లో పాత రాగి బాయిలర్ పారేయకండి, పెరట్లో ఆరుబయట పెట్టుకోండి.

రాడ్డు గురించి ఇంకో మాట. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్ళలో చెయ్యి పెట్టాలి. ఇనుప బకెట్టు వద్దు. పిల్లల చేత వేయించొద్దు.

ఇక ఇల్లు. తాటాకు ఇల్లు చలికి వెచ్చగా, ఎండకు చల్లగా ఉండేది. రేకులు అలా కాదు, తెల్లారేసరికి లోపల మంచునీళ్ళు బొట్లుబొట్లుగా కారతాయి. రేకు కింద జానెడు ఖాళీ వదిలి వెదురు తడికలు కట్టిస్తే ఆ మధ్యన నిలిచిన గాలే చలిని ఆపుతుంది, ఎండాకాలంలోనూ అదే పని చేస్తుంది. చాప కింద వరిగడ్డి పరుచుకోవడం, పాత చీరల బొంతలు కూడా ఇదే పని.

తలుపు సందులు మూసుకోండి, తప్పులేదు. కానీ అలా మూసిన గదిలో నిప్పు పెట్టకూడదు. మేము ఇవాళ ముఖ్యంగా చెప్పాలని వచ్చింది ఇదే. బాలింత గదికి కిటికీలు బిగించి, లోపల బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు ఇంకా ఉంది. బొగ్గు కాలుతుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. పొగ లేదు కదా అని ధైర్యంగా పడుకుంటాం. తలనొప్పి, వాంతి, మత్తు, తర్వాత నిద్రలోనే ప్రాణం పోతుంది. సాంబ్రాణి పొగ పట్టినా తలుపు తీసి పట్టాలి. అత్తగారు చెప్పినా, అమ్మ చెప్పినా రాత్రి కుంపటి మాత్రం గది బయటే. బిడ్డకు టోపీ, మేజోళ్ళు వేసి తల్లి ఒంటికి ఆనించి పైన బొంత కప్పితే చాలు. బరువు తక్కువ పిల్లలకు ఆసుపత్రిలో చేయించే కంగారూ పద్ధతి కూడా ఇదే. 1978లో కొలంబియా దేశంలో మొదలైంది. గ్యాసు గీజరు కూడా గాలి ఆడని బాత్రూములో పెట్టొద్దు.

మా సంఘం నుంచి రెండు అడుగుతున్నాం. ఫిబ్రవరి సమావేశానికి ప్రతి సంఘమూ నవంబరు, జనవరి కరెంటు బిల్లులు రెండూ తీసుకురావాలి, పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండోది, ఈ చలికి ప్రసవం ఉన్న ఇళ్ళకు బొంతలు కుట్టించి ఇద్దాం. పాత నేత చీరలు ఎవరి దగ్గరున్నా మాకు పంపండి, కుట్టుకూలి ఎంత అన్నది ఇప్పుడే ఇక్కడే మాట్లాడుకుందాం.