గడువు దాటిన తల్లులు - మళ్లీ వీసా

(మహిళా సహాయ కేంద్రాల కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పొద్దుటి నుంచి గృహహింస గురించి, భరణం గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను చెప్పబోయేది పైకి కలిగినవాళ్ల సమస్యలా కనబడుతుంది. అమెరికాలో గడువు మించి ఉండి వచ్చిన తల్లి, మళ్లీ సందర్శక వీసాకి ఎలా దరఖాస్తు చేసుకోవాలి అన్నది విషయం. కానీ మా కేంద్రానికి ఈ ప్రశ్నతో వస్తున్నది కలిగినవాళ్లు కాదు. పొలం అమ్మి పిల్లల్ని చదివించిన తల్లులు. సంతకం తప్ప ఇంగ్లీషు రాయలేని తల్లులు.

వీళ్లు ఎందుకు వెళ్తారు? కూతురి పురుడుకో, కోడలి పురుడుకో వెళ్తారు. వీసా కాగితం మీద ఆమె సందర్శకురాలు. ఆ ఇంట్లో మాత్రం పత్యం వండేది ఆమె, బిడ్డకి నీళ్లు పోసేది ఆమె, రాత్రుళ్లు మేలుకునేది ఆమె. అక్కడ చంటిబిడ్డను చూసే మనిషిని పెట్టుకోవాలంటే బోలెడు డబ్బు కావాలి. "ఇంకో రెండు నెలలుండండి అత్తయ్యగారూ" అన్న మాట ప్రేమతోనే రావచ్చు. దాని వెనక ఆ లెక్క కూడా ఉంటుంది. ఆ లెక్కలో ఆమె చాకిరీకి విలువ కట్టరు. గడువు దాటినందుకు పడే శిక్ష మాత్రం ఆమె ఒక్కదాని పేరు మీదే రాస్తారు.

ముందు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. మనవాళ్లకి సందర్శక వీసా సాధారణంగా పదేళ్లకి ఇస్తారు. పదేళ్ల వీసా అంటే పదేళ్లు ఉండొచ్చని కాదు. ఎంతకాలం ఉండాలో అక్కడ దిగినప్పుడు విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తాడు. మామూలుగా ఆరు నెలలు ఇస్తాడు. ఆ తేదీ ఉండే రికార్డుని ఐ-94 అంటారు. ఒకప్పుడు అది పాస్‌పోర్టులో పెట్టే చీటీ. 2013 నుంచి విమానంలో వచ్చేవాళ్లకి అది కంప్యూటర్ రికార్డయింది. అంటే ఇంటర్నెట్ చూడడం రాని తల్లికి తన గడువు తేదీ ఇప్పుడు ఇంకొకరు చూసి చెప్పాలి.

ఆ తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా చేతిలో ఉన్న వీసా దానంతటదే రద్దయిపోతుంది. ముద్ర మీద ఇంకా ఏళ్లు మిగిలి ఉన్నట్టు కనబడినా అది చెల్లదు. మళ్లీ వెళ్లాలంటే స్వదేశంలో కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. 1996లో చేసిన చట్టం ప్రకారం, 1997 ఏప్రిల్ 1 నుంచి ఇంకో లెక్క ఉంది. 180 రోజులు మించి, ఏడాది లోపు అక్రమంగా ఉండి వచ్చేస్తే, వచ్చిన రోజు నుంచి మూడేళ్లు ప్రవేశం లేదు. ఏడాది, ఆపైన ఉంటే పదేళ్లు.

గడువు లోపలే పొడిగింపుకి అర్జీ పెట్టుకుంటే, అది పరిశీలనలో ఉన్న రోజులు ఈ అక్రమ నివాసం కిందికి రావు. తిరస్కరిస్తే ఆ మర్నాటి నుంచి లెక్క మొదలవుతుంది. 2020 మార్చిలో మన దేశం అంతర్జాతీయ విమానాలు ఆపేసినప్పుడు ఎందరో తల్లిదండ్రులు అక్కడే చిక్కుకుపోయారు. ఆ అర్జీ వేళకి పెట్టినవాళ్ల స్థితి ఒకటి, "అందరూ ఉంటున్నారు కదా" అని ఊరుకున్నవాళ్ల స్థితి మరొకటి.

మా కేంద్రానికి వచ్చిన ఒక తల్లి విషయం చెబుతాను. భర్త లేడు. కూతురి మొదటి పురుడుకి వెళ్లి, గడువు మీద రెండు వందల రోజులు ఉండిపోయింది. తిరిగొచ్చి నాలుగేళ్లయ్యాక కూతురు మళ్లీ కడుపుతో ఉంది. "ఎప్పటిదాకా ఉండాలో నీకు తెలుసా?" అని అడిగాను. "ఆ తేదీ ఇంట్లో అందరికీ తెలుసమ్మా, నాకు తప్ప" అంది. పాస్‌పోర్టు అల్లుడి బీరువాలో ఉండేది. టిక్కెట్టు మార్చింది అతనే.

ఇప్పుడు ఆమెకి ఇంట్లోవాళ్లు ఇస్తున్న సలహా ఏమిటంటే, కొత్త పాస్‌పోర్టు తీసుకుని, ఫారంలో గడువు దాటలేదని రాసెయ్యమని. ఇక్కడే మనం గట్టిగా అడ్డుపడాలి. డీఎస్-160 అనే దరఖాస్తులో, గతంలో గడువు మించి ఉన్నారా అని సూటిగా అడుగుతారు. పాస్‌పోర్టు మారినా వేలిముద్రలు మారవు. రాకపోకల రికార్డు వాళ్ల దగ్గర ఉంటుంది. గడువు దాటినందుకు ఆమె మూడేళ్ల నిషేధం తీరిపోయింది. అబద్ధం చెబితే పడే నిషేధానికి గడువంటూ లేదు, జీవితాంతం ఉంటుంది. ఫారం నింపేది ఏజెంటో కొడుకో కావచ్చు. సంతకం, బాధ్యత మాత్రం ఆమెవే. అందుకని ప్రతి ప్రశ్నా ఆమెకి తెలుగులో చదివి వినిపించాకే పంపాలి.

నిజం చెబితే వీసా ఇస్తారా? ఇస్తారని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇచ్చేవాడు ఎవడైనా మోసగాడే. వీసా అడిగినవాళ్లంతా అక్కడే ఉండిపోతారని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది మనమే. తిరస్కరిస్తే అప్పీలు లేదు, రుసుము తిరిగి రాదు. 2023 జూన్‌లో ఆ రుసుము 185 డాలర్లు చేశారు. మళ్లీ దరఖాస్తు చేసుకునే హక్కు మాత్రం ఉంటుంది. నిషేధం ఇంకా తీరనివాళ్లకి కూడా తాత్కాలిక మినహాయింపు అనేది ఉంది. కాన్సులర్ అధికారి సిఫారసు చేయాలి, అక్కడి శాఖ ఒప్పుకోవాలి. ఆ తల్లికి మొదటిసారి రాలేదు. అయినా ఆమె తలుపు మూసుకుపోలేదు.

దరఖాస్తుకి ముందు మనం చేయించవలసినవి కొన్ని ఉన్నాయి. పాత పాస్‌పోర్టులన్నీ దగ్గర పెట్టుకుని, వెళ్లిన తేదీ, గడువు తేదీ, మన విమానాశ్రయంలో దిగినప్పటి ముద్ర తేదీ కాగితం మీద రాసి రోజులు లెక్కపెట్టాలి. ఆలస్యానికి కారణం జబ్బయితే ఆస్పత్రి కాగితాలు, పొడిగింపు అడిగి ఉంటే ఆ రసీదు జతచేయాలి. ఇక్కడ ఆమెకి ఏమున్నాయో, ఇల్లు, పొలం, పింఛను, మిగతా పిల్లలు, ఆమె నోటితో ఆమే చెప్పగలిగేలా చూడాలి. హైదరాబాద్‌లో 2008 నుంచి కాన్సులేట్ ఉంది. తెలుగులో జవాబు చెప్పొచ్చు. భయపడి బట్టీపట్టిన ఇంగ్లీషు కన్నా అదే మేలు.

ఇంకో మాట. కొన్ని ఇళ్లలో ఆ ఉండిపోవడం ఇష్టంతో జరగదు. పాస్‌పోర్టు దాస్తారు, కసురుతారు, కొడతారు కూడా. 21 ఏళ్లు నిండిన కొడుకో కూతురో అమెరికా పౌరులై ఉండి, తమతో కలిసి ఉన్న తల్లిదండ్రుల్ని హింసిస్తే, ఆ తల్లిదండ్రులు వాళ్ల సంతకం లేకుండా సొంతంగా అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. మహిళలపై హింస నిరోధక చట్టానికి 2006 జనవరిలో వచ్చిన సవరణలు ఈ హక్కునిచ్చాయి. ఈ సంగతి తెలిసిన తల్లిని నేనింతవరకు చూడలేదు.

మిత్రులారా, ఎన్ని రోజులు ఎక్కువ ఉన్నావనే చట్టం అడుగుతుంది. ఉండమని ఎవరన్నారు, ఎవరి కోసం ఉన్నావు అని అడగదు. అది మనం అడగాలి. ఫారం ముట్టుకునే ముందు "నీకు వెళ్లాలని ఉందా అమ్మా?" అని కూడా అడగాలి. వెళ్తానంటే ఆమె పాస్‌పోర్టు ఆమె సంచిలోనే ఉండాలి. తిరుగు తేదీ ఆమెకి నోటికి రావాలి. ఆ తేదీకి బయల్దేరతానని చెప్పే హక్కు ఆమెది.