కొడవలిలా వంగే రక్తకణం

నిర్మల్ జిల్లా పెంబి, కడెం వైపు గూడేల్లోని తల్లులకు ఈ మాట. ఏడాది నిండని బిడ్డకు దెబ్బ తగలకుండానే చేతులూ పాదాలూ వాచి, ముట్టుకుంటే గుక్కపట్టి ఏడుస్తుంటే, గాలి సోకిందని ఊరుకోకండి. అది సికిల్ సెల్ వ్యాధి కావచ్చు.

మామూలు ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉండి ఎంత సన్నని నాళంలోనైనా ఒదిగి జారిపోతుంది. హిమోగ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే, ఆక్సిజన్ వదిలాక అదే కణం కొడవలిలా వంగి, గట్టిపడి, నాళానికి అడ్డుపడుతుంది. ఆ నొప్పి పెద్దవాళ్లే ఓర్చుకోలేరు, పసివాళ్లెలా ఓర్చుకుంటారు?

గోండుల్లోనూ మరికొన్ని ఆదివాసీ తెగల్లోనూ ఈ జన్యువు ఎందుకు నిలిచింది? మలేరియా వల్ల. మారిన జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే, ప్రాణం తీసే మలేరియా నుంచి అది కాపాడుతుందని 1954లో ఆంథొనీ అలిసన్ ఆఫ్రికాలో చూపించారు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కొక్కటి ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కాబట్టి కోడలిని నిందించడం అన్యాయం.

తొలి పరీక్షకు వేలికొన నుంచి ఒక్క చుక్క రక్తం చాలు. మందునీళ్లలో కలిపాక గొట్టం వెనక పెట్టిన కాగితం మీది గీతలు కనిపించనంత మసక తేలితే, మరో పరీక్షతో నిర్ధారిస్తారు. 2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్ కింద నలభై ఏళ్లలోపు వారికి ఈ పరీక్షలు చేస్తున్నారు. వ్యాధి తేలిన పిల్లలకు డాక్టర్లు హైడ్రాక్సీయూరియా ఇస్తారు. నీళ్లు బాగా తాగించండి, చలిలో తిప్పకండి. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.