సంక్రాంతి నుంచి సెప్టెంబరు దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను బడి జ్ఞాపకాల మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఒక్క జ్ఞాపకం చెప్పి నా విషయంలోకి వస్తాను. తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు మనిషి శరీరం గురించిన ఒక పాఠం దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసి, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అన్నారు. ఆడపిల్లలు తలలు వంచుకున్నారు. వెనక బెంచీల్లో మేం నవ్వుకున్నాం. మూడేళ్ల ముందు మా అక్క క్లాసులోనూ అదే జరిగిందట. మాస్టారి మీద నాకు ఫిర్యాదు లేదు, రోజులు అలాంటివి. కానీ ఇవాళ నేను మాట్లాడబోయేది రొమ్ము క్యాన్సర్ గురించి. ఆ మాట ఈ మైకులో ఎలా అనాలా అని యాభై దాటిన నేను నిన్న రాత్రంతా మథనపడ్డాను.

మా అక్క మీలో చాలామందికి తెలుసు. 1983 బ్యాచ్. 2011 సంక్రాంతి రోజుల్లో స్నానం చేస్తుంటే చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. వైశాఖంలో కూతురి పెళ్లి పెట్టుకున్నారు. అయ్యాక చూద్దాంలే అనుకుంది. బావకు కూడా చెప్పలేదు. ఆ పండక్కి నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అరిసెలు తిని, డబ్బాలో మరికొన్ని పెట్టించుకుని వెళ్లాను.

మే నెలాఖరుకు నోరు విప్పింది. దగ్గర్లోని ఒక డాక్టరు కొవ్వు గడ్డ అని మాత్రలిచ్చారు. జులైలో అది పెరిగితే గుంటూరు వెళ్లారు. స్కానింగ్ ఒకచోట, సూది పరీక్ష ఇంకోచోట, రిపోర్టు కోసం మరోసారి. అది చాలదంటే మళ్లీ ముక్క తీసి పరీక్ష. ఆపరేషన్ జరిగేసరికి సెప్టెంబరు. అప్పటికి మూడో దశ.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఆరోగ్యశ్రీలోనే ఉచితంగా జరిగాయి. 2007లో మొదలైన ఆ పథకం పేరు తర్వాత ఎన్నిసార్లు మారినా, అది లేకపోతే మా బావ ఉన్న రెండెకరాలూ అమ్ముకునేవాడు. మాకు పోయింది డబ్బు కాదు, నెలలు.

కీమో అయ్యాక, ఫిబ్రవరిలో రేడియేషన్. ఆదివారాలు తప్ప రోజూ బస్సులో గుంటూరు వెళ్లి రావాలి, మొత్తం ఇరవై ఐదు సార్లు. మిరప కోతలు కూడా అప్పుడే. పద్నాలుగో సారి తర్వాత అక్క మానేసింది. "ఎందుకు రావడం లేదమ్మా" అని ఎవరూ ఫోన్ చెయ్యలేదు. అలా అడగడం ఎవరి ఉద్యోగమూ కాదు. మిగిలినవి పూర్తయితే బతికేదా అంటే నేను చెప్పలేను. 2015లో పోయింది. నలభై ఏడేళ్లు.

తర్వాత నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వస్తోంది, 98,000 మంది చనిపోతున్నారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలకు మూడు లెక్కలు పెట్టింది. నూటికి అరవై కేసులైనా మొదటి రెండు దశల్లో దొరకాలి. డాక్టరు దగ్గరికి వచ్చిన అరవై రోజుల్లో రోగనిర్ధారణ పూర్తవ్వాలి. నూటికి ఎనభై మందైనా వైద్యం మధ్యలో మానకూడదు. చదువుతుంటే మా అక్క కేసు షీటు చదువుతున్నట్టే ఉంది. మూడింటిలోనూ తప్పింది.

మన దేశంలో కార్యక్రమం లేక కాదు. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ముప్పై నుంచి అరవై అయిదేళ్ల మధ్య ప్రతి స్త్రీకీ అయిదేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేత్తో రొమ్ము పరీక్ష చెయ్యాలి. అనుమానం ఉంటే పై ఆసుపత్రికి పంపాలి. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ల స్త్రీలను అడిగితే, ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నామన్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు.

మెషీన్ లేకుండా చేతి పరీక్షేమిటని నేనూ అనుకున్నాను. ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో దీన్ని లక్షన్నర మంది స్త్రీలతో పరీక్షించి చూశారు. సగం మందికి ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి, నాలుగు విడతలు పరీక్ష చేశారు. ఇరవై ఏళ్ల లెక్క 2021లో వచ్చింది. జబ్బు ముందు దశల్లో దొరికింది. యాభై దాటినవాళ్లలో మరణాలు దాదాపు ముప్పై శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్లలో తగ్గలేదు, అదీ చెప్పాలి. మా క్లాసు ఆడపిల్లలంతా ఇప్పుడు యాభై దాటినవాళ్లే. కోప్పడకండి, లెక్క అందరికీ తెలిసిందే!

నేను ఇరిగేషన్ శాఖ వాణ్ణి. చెరువు కట్ట వెనకవైపు చెమ్మ కనబడితే ముందు చూసేది లస్కరు. చూసి చెబుతాడు. విన్న ఇంజనీరు ఆ వారంలో వెళ్లి చూడకపోతే లస్కరు చూపు దండగ. ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం లస్కర్ల లాంటివాళ్లు. వాళ్లు పంపిన మనిషికి స్కానింగ్, ముక్క పరీక్ష ఒక్కచోట, ఒక్క వారంలో అయ్యే ఏర్పాటు మండలానికి దగ్గరలో ఉందా? ప్రభుత్వాన్ని మనం గట్టిగా అడగాల్సింది ఇది. కొత్త పథకానికి కొత్త పేరు అక్కర్లేదు.

మన సంఘం తరఫున అక్టోబరులో మామోగ్రఫీ వ్యాను తెప్పించి క్యాంపు పెడదామని కమిటీలో అన్నారు. నేను వద్దన్నాను. వ్యాను సాయంత్రానికి వెళ్లిపోతుంది. గడ్డ ఉందని తేలిన మనిషి మర్నాడు పొద్దున ఎవరింటికి పోవాలి? ఆ డబ్బుతో గుంటూరులో రేడియేషన్ నెల రోజులకు ఒక గది అద్దె, బస్సు చార్జీలు, రాని రోజున ఫోన్ చేసే ఒక మనిషికి జీతం చూద్దామన్నాను. ఇంకా తేలలేదు. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో అడుగుతాను, దయచేసి ఎవరూ ముందే వెళ్లిపోవద్దు.

ఇంకొక్క మాట. గడ్డ ప్రతిదీ క్యాన్సర్ కాదు, ఎక్కువ భాగం కాదు. కానీ ఏది అవునో ఏది కాదో పెళ్లిళ్లయ్యాక తేల్చుకునేది కాదు. భోజనాల తర్వాత పదో తరగతి బి సెక్షన్ గదిలో ఇద్దరు ఏఎన్ఎంలు కూర్చుంటారు. కిటికీలకు కర్టెన్లు కట్టించాం, తలుపు గడియ నిన్న నేనే బిగించాను. మగవాళ్లు దయచేసి ఆ వరండా వైపు రాకండి. మీ ఐస్‌క్రీం స్టాలు ఇటువైపు పెట్టించాను.