'తిరుగు' - ఒక మాట, అనేక అర్థములు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



భాషను గురించి మాట్లాడుటకు మేము పండితులము కాము. మెట్రిక్యులేషన్ చదివి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకునేవారము. అయినా ఊళ్లు తిరిగే ఉద్యోగము గనుక 'తిరుగు' అనే క్రియ మీద నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాము.

ఇంగ్లీషులో 'వాండర్' అనే మాట ఉన్నది. పని లేనివాడు వీధుల్లో వాండర్ అవుతాడు. పిల్లవాడి మనస్సు పాఠం మీది నుంచి వాండర్ అవుతుంది. వక్త విషయం విడిచి వాండర్ అవుతాడు. ఈ మూడవది మాకు జరగకుండా చూసుకుంటాము! ఈ మాటకు, చుట్టుట, మెలితిప్పుట అనే అర్థమున్న 'వైండ్'కు చుట్టరికం ఉన్నది. అయితే వెనక్కు వచ్చుట దానిలో లేదు. అందుకు వారు ఫ్రెంచి నుంచి 'రిటర్న్' తెచ్చుకున్నారు.

మనకు రెంటికీ ఒక్కటే మాట. దేశాలు తిరిగినవాడే తిరిగి వస్తాడు. బొంగరం తిరుగుతుంది, కళ్లు తిరుగుతాయి, పొద్దు తిరుగుతుంది. అప్పిచ్చినవాడు మన చుట్టూ తిరుగుతాడు. గట్టిగా అడిగితే అప్పు తీసుకున్నవాడు అడ్డం తిరుగుతాడు. నేర్చినవాడిని చేయి తిరిగినవాడంటాము, పలకలేనివాడికి నోరు తిరగదంటాము. ప్రజలు ఓర్చినంత ఓర్చి తిరగబడతారు. వంటింట్లో తిరగలి, తిరగమోత. ఉత్తరానికి తిరుగు టపా. 1852లో వెలువడిన బ్రౌను దొరగారి నిఘంటువులో కూడా సంచరించుటా, మరలుటా ఈ క్రియ కిందనే ఉన్నవి.

మనము నివసించే ఈ హుబ్బళ్ళిలో కన్నడిగులకూ 'తిరుగు' ఉన్నది. 'తిరుగాట' అంటే సంచారము. యక్షగాన మేళములు ఏటా ఊరూరా ఆడుతూ పోవుటకు కూడా అదే పేరు. 'తిరుగి' అంటే మరల. తమిళులకు 'తిరి' అంటే సంచరించు, 'తిరుంబు' అంటే మరలు. ఈ భాషలన్నీ ఒకే కుటుంబమని ఎల్లిస్ దొరగారు 1816లోనే చూపించినారు. కనుక మన పిల్లల తెలుగులో కన్నడం కలిసిందని మేము బెంగపడము.

మా బెంగ వేరు. మన ఇళ్లలో మాటలు పోలేదు, అర్థాలు పోతున్నవి. 'బయట తిరగకు' అంటే పిల్లలకు తెలుస్తుంది. 'ఏడు తిరక్కుండా అప్పు తీర్చాడు' అంటే తెల్లబోతారు. 'చేయి తిరిగిన వంటవాడు' అంటే చేతికి దెబ్బ తగిలిందా అని అడుగుతారు. మాట మిగిలి అర్థం పోతే, పోయిందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. నిఘంటువు చూద్దామా అంటే, తెలియని మాట కోసం వెదుకుతాము గాని, తెలుసుననుకున్న మాట కోసం ఎవరు వెదుకుతారు? వాడుకలో విన్నవారు చెప్పవలసిందే. అట్టి అవ్వలు, తాతలు ఈ సభలో ముందు వరుసలో ఉన్నారు.

కాబట్టి మా మనవి చిన్నది. వారానికి ఒక పూట పిల్లలను వారి దగ్గర కూర్చోబెట్టండి. పాఠం చెప్పనక్కరలేదు; పాత అప్పుల కథలు, పెళ్లిళ్ల కథలు చెప్పితే చాలు. అర్థాలు వాటి వెంట వస్తవి.

ప్రభవ మొదలు అక్షయ వరకు 60 పేర్లు గడిచి మరల ప్రభవ వస్తుంది. ఈ ఏడు తిరిగేలోపల మన పిల్లల్లో కొందరైనా 'ఏడు తిరక్కుండా' అని తామే అనగలిగితే సంతోషము.