యంత్రపు ఉలి - కడపటి కోత



సింహద్వారమునకు పేరు పలకను గాని, పూజామందిరమునకు జాలీ తలుపును గాని కంప్యూటరు నడుపు యంత్రముపై కోయించుకొనుట ఇప్పుడు మన పట్టణములలో సామాన్య విషయమైనది. పెద్ద దుకాణములలోనే కాక, బల్లపై పట్టునంత చిన్న యంత్రములు ఇండ్లలోనికిని, పాఠశాలలలోనికిని వచ్చినవి. ఈ యంత్రముతో కొయ్యపై పువ్వును చెక్కుట ఒక పని. ఆ పువ్వును పలకనుండి పూర్తిగా వేరుచేసి తీయుట మరియొక పని. మొదటి దానిలో పొరపాటు జరిగినచో సాధారణముగా కొయ్య చెడును. రెండవ దానిలో జరిగినచో కొయ్యతోపాటు కంటికిని, చేతికిని ముప్పు కలుగును. ఆ రెండవ పనిని గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

యంత్రమును అంకెలతో నడుపు ప్రయత్నమునకు ఆద్యులలో ముఖ్యుడు అమెరికా దేశస్థుడైన జాన్ పార్సన్స్. హెలికాప్టరు రెక్కల ఆకారము కచ్చితముగా రావలెనను అవసరమునుండి ఆయన ఆలోచన పుట్టినది. ఆ కృషి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కొనసాగి, 1952లో, చిల్లుల కాగితపు పట్టీని చదివి లోహమును కోయు యంత్రము ప్రదర్శింపబడినది. నేడు ఆ పట్టీకి బదులు కంప్యూటరు ఫైలు వచ్చినది. మూలసూత్రము మాత్రము మారలేదు: యంత్రము అంకెలను చదువును, చదివిన చోటికి పనిముట్టును నడుపును. అంతే.

వడ్రంగి ఉలి పట్టి పని చేయునపుడు కొయ్య కదలినచో అతని చేయి తనంత తానే ఆగును. చిన్న యంత్రములలో పెక్కింటికి ఆ తెలివి లేదు. వాని మోటార్లు ఆజ్ఞ వచ్చినంత మేర మెట్టు మెట్టుగా తిరుగును. పనిముట్టు నిజముగా ఆ చోటికి చేరినదా, నడుమ చిక్కుకొన్నదా యని వెనుకకు తెలుపు సాధనము ఉండదు. ముక్క ఊడినను, పలక పైకి లేచినను, యంత్రము తన దారిని తాను పోవుచునే యుండును. కావున వడ్రంగి చేయి ఆ క్షణమున చూపు జాగ్రత్తను మనము ముందుగానే ఆలోచించి ఏర్పరుపవలెను.

నాకు ఈ పాఠమును ఒక అక్షరము నేర్పినది. ఒకనాడు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డునుండి అక్షరములు కోయుచుంటిని. ‘ప’ అను అక్షరమునకు తలకట్టు అనేక అచ్చులలో ఒడలికి అంటక విడిగా నుండును. అక్షరము ఊడకుండ కట్టుదిట్టము చేసితిని గాని, ఆ చిన్న తలకట్టును మరచితిని. కడపటి పొర తెగిన క్షణమున అది ఊడి, తిరుగుచున్న బిట్టుకును పలక అంచుకును నడుమ చిక్కి, బిట్టును విరిచి, గది చివరనున్న తలుపునకు తగిలినది. కండ్లద్దములు పెట్టుకొని యుంటిని గనుకను, ఎదుట ఎవరును లేరు గనుకను నష్టము ఒక్క బిట్టుతో తీరినది. ముక్క కదలుచున్నట్లు తోచి, వ్రేలితో అదిమిపట్టుదమా యని అంతకు ముందు క్షణముననే నేను చేయి చాచి యుంటిని. ఆ సంగతి తలచుకొన్నపుడు నేటికిని ఒడలు జలదరించును.

ఇక చేయవలసిన పని క్రమము చెప్పెదను.

మొదట పలకను బిగించుట. పలక క్రింద, చెడిపోయినను చింతలేని మరియొక పలకను పరచవలెను. బిట్టు అడుగువరకు కోసి ఇంచుక దిగినను యంత్రపు బల్లకు హాని కలుగదు. పలకను నలువైపులను పట్టీలతోనో మరలతోనో బిగించి, చేతితో త్రోసి కదలదని రూఢి చేసికొనవలెను. బిట్టు పోవు దారిలో ఇనుప మర ఏదియు ఉండరాదు. పలక మందమును కొలిచియే అంకె వేయవలెను. 18 మిల్లీమీటర్లని అమ్మిన ప్లైవుడ్డు కొలిచినపుడు పదిహేడున్నరయే కావచ్చును. పిదప బిట్టును పలకకు పైగా లేపియుంచి, కోతలేకుండ దారి యంతయు ఒకసారి నడిపించి చూడవలెను. ఈ ఉత్తుత్తి నడకలో పెక్కు తప్పులు బయటపడును.

రెండవది, గీతకు ఏ ప్రక్కన కోయవలెనో నిర్ణయించుట. 6 మిల్లీమీటర్ల బిట్టు నడిగీతపై నడచినచో ప్రతి ప్రక్కను 3 మిల్లీమీటర్లు తినివేయును. 100 మిల్లీమీటర్ల పలక 94 అగును. ముక్క కావలసినపుడు గీతకు వెలుపలను, రంధ్రము కావలసినపుడు గీతకు లోపలను, బిట్టు వ్యాసములో సగము దూరమున నడిపింపవలెను. గుండ్రని బిట్టు లోపలి మూలను సూదిగా తీయలేదు. మూల కొంత గుండ్రముగానే మిగులును. మన తెలుగు అక్షరములు సహజముగా వంపులు గలవి గనుక ఈ పనికి బాగుగా ఒదుగును.

మూడవది, లోతును గూర్చి అత్యాశ పడకుండుట. ఒక్కసారికి బిట్టు వ్యాసములో సగము లోతు దిగుట చిన్న యంత్రములకు మేలైన కొలత. అనగా 6 మిల్లీమీటర్ల బిట్టుతో 18 మిల్లీమీటర్ల పలకను ఆరు పొరలుగా కోయవలెను. నడక మరీ నెమ్మదియైనను ప్రమాదమే. రెండు అంచుల బిట్టు నిమిషమునకు 10,000 చుట్లు తిరుగుచు, అదే నిమిషములో 1,500 మిల్లీమీటర్లు ముందునకు నడచినచో ప్రతి అంచును 0.075 మిల్లీమీటరు మందము గల పొట్టును తీయును. నడకను మిక్కిలి తగ్గించినచో అంచు కోయుట మాని ఒరయుటకు మొదలిడును, కొయ్య మాడును, నిప్పు రాజుకొన్న పొట్టు ధూళి సంచిలోనికి పోయి, యంత్రము ఆగిన తరువాత మంటగా లేవవచ్చును. మాడిన వాసన వచ్చిన వెంటనే పని నిలిపి చూడవలెను.

నాలుగవది, కోతల వరుస. లోపలి రంధ్రములను ముందును, వెలుపలి అంచును చివరను కోయవలెను. అంచును ముందే కోసినచో ముక్క పట్టు సడలి, తరువాతి రంధ్రములన్నియు వంకర పోవును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది, కడపటి పొర. ముక్క చుట్టును పూర్తిగా కోయక, మూడు నాలుగు చోట్ల చిన్న వంతెనలను విడువవలెను. 18 మిల్లీమీటర్ల పలకలో వంతెన వెడల్పు ఆరేడు మిల్లీమీటర్లును, ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లును ఉన్నచో సాధారణముగా చాలును. వానిని ఒకే ప్రక్కన కాక ఎదురెదురుగా, తరువాత నునుపుచేయుటకు అనువైన తిన్నని అంచులయందు పెట్టవలెను. యంత్రము ఆగిన పిదప సన్నని రంపముతోనో ఉలితోనో వానిని తెంచి, గరుకు కాగితముతో రుద్దినచో ఆనవాలుండదు. రంధ్రమునుండి ఊడు లోపలి తుండును గూడ మరువరాదు. దానికిని వంతెన యుండవలెను. లేదా ఆ భాగమునంతయు పొట్టుగా తీసివేయవలెను.

వంతెనకు చోటులేని చిన్న ముక్కలకు వేరు ఉపాయములు కలవు. అడుగున అర మిల్లీమీటరు పొరను కోయక విడిచి, తరువాత కత్తితో తెంచుట యొకటి. పలక అడుగునకును, క్రింది పలకకును అంటు కాగితపు పట్టీలు అతికించి, ఆ రెంటి నడుమ త్వరగా పట్టు జిగురు వేసి అదుముట మరియొకటి. ఎట్టి ముక్కకును వ్రేలు మాత్రము ఉపాయము కాదు.

చివరగా మనుష్యుల జాగ్రత్త. కంటికి అద్దములు, చెవులకు మూతలు, ముక్కునకు ధూళి ఆపు ముసుగు ఉండవలెను. కొయ్యధూళి మనుష్యులకు కాన్సరు కలిగించు పదార్థములలో చేరినదని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. వదులు చొక్కా చేతులు, పమిట, ఉత్తరీయము, జారిన జడ యంత్రము దరికి రారాదు. చేతి తొడుగులును తగవు. తిరుగు బిట్టు వానిని పట్టి చేతిని లాగును. పనిని ఆపు ఎఱ్ఱ మీట చేతికి అందునంత దూరములో నిలువవలెను. యంత్రమును నడువనిచ్చి భోజనమునకు లేచిపోరాదు. బిట్టు మార్చునపుడు కరెంటు తీసివేయవలెను.

ఇంట పిల్లలున్నచో వారిని తరిమివేయుటకంటె నేలపై ఒక గీత గీసి, యంత్రము తిరుగుచున్నంతసేపు పెద్దలుగాని పిన్నలుగాని దానిని దాటరాదని నియమము పెట్టుట మేలు. వారికిని అద్దము లిచ్చి, గీతకు ఇవతలనుండి చూడనిండు. పని ముగిసినదని కంప్యూటరు తెరపై కనబడినంత మాత్రమున తొందరపడకుడు. బిట్టు నిలిచినదని చెవి చెప్పవలెను, కన్ను చెప్పవలెను. ఆ పిమ్మటనే చేయి ముందునకు పోవలెను. అప్పుడు వంతెనలు తెంచి ముక్కను పిల్లల చేతిలో పెట్టుడు. సెలవు.